లాగి అంటించిన టేపు

కోడూరు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్ ఆగిందంటే అందరూ దుర్గాశ్రీనివాస్‌కే ఫోను చేస్తారు. కరెంటు పనిలో చెయ్యి తిరిగినవాడు. జేబులో నల్ల ఇన్సులేషన్ టేపు లేనిదే గడప దాటడు. అతనికున్న పిచ్చి ఒక్కటే. లెన్సు లేకుండా, పాత చెక్క స్విచ్‌బోర్డు పెట్టెకు సూదిబెజ్జం పెట్టి కెమెరా చేస్తాడు.

ఆ విద్య నేర్పింది చల్లపల్లిలో స్టూడియో మూసేసిన కోదండరామయ్య. తన దగ్గర మిగిలిన ఆఖరి ఫొటో కాగితం ఇస్తూ, "పెట్టె అతుకులకి ఈ టేపు వద్దయ్యా, ఎండకి ఊడొస్తది. బందరెళ్లి నల్ల గుడ్డ టేపు తెచ్చుకో" అన్నాడు.

"నీళ్లనే రానివ్వదండీ, వెలుతుర్ని రానిస్తదా?" అని నవ్వేశాడు శ్రీనివాస్. పని తెలిసినవాడి పొగరు అలాగే ఉంటుంది మరి.

ఆ కాగితం అక్క కనకదుర్గ వరిచేను ఫొటో కోసం. చుట్టూ చెరువులు తవ్వేసరికి ఉప్పు ఊరి దిగుబడి పడిపోయింది. ఆ చెరువులకు కరెంటు లాగింది తమ్ముడే అయినా ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు. చివరికి తన చేనూ లీజుకిచ్చేసింది. రేపు కోత, ఆ వెంటనే చెరువు తవ్వడానికి పొక్లెయిన్.

"ఫోన్లో ఓ ఫొటో తియ్యరా, చాలు."

"ఫోన్లో ఎవడైనా తీస్తాడక్కా. గోడకి పెట్టుకునే ఫొటో నేనిస్తాగా!"

కనకదుర్గ తల దువ్వుకుని, కంకి చేత్తో పట్టుకుని, ఎండలో గట్టు మీద కదలకుండా నిలబడింది.

సాయంత్రం చల్లపల్లిలో ఫొటో కడిగే మందులో వేయగానే కాగితం మొత్తం నల్లబడిపోయింది. కోదండరామయ్య పెట్టె తిప్పి చూశాడు. టేపు చివరలు ముడుచుకుని, మూలల్లో గోరు దూరేంత సందు పడి, వెలుతురు లోపలికి దూరింది.

"తీగకి చుట్టినట్టు సాగదీసి అంటించావు కదూ? తీగ మీదైతే టేపు మీద టేపు పడి పట్టుకుంటది. చెక్క మీద అంటిస్తే ముడుచుకుపోదా?"

శ్రీనివాస్‌కు ఏడుపొచ్చింది. మొహం చెల్లక మర్నాడు ఆలస్యంగా వెళ్లాడు. అప్పటికే కోతమిషను పని ముగించి గట్టెక్కింది.

"ఫొటో రాలేదక్కా."

కనకదుర్గ వరి మోళ్ల వైపే చూస్తూ, "చెరువులకి లైన్లు లాగావు, ఊరుకున్నాను. ఇదొక్కటీ అడిగాను కదరా" అంది.

ఇప్పుడక్కడ రొయ్యలున్నాయి. ఏరియేటర్‌కు తీగలు కలిపిందీ శ్రీనివాసే. అదే టేపును అలాగే లాగి చుట్టాడు. ఇన్ని వానలు పడినా అది ఊడలేదు.