పగులులోని పాత తుప్పు

నా చిన్నప్పుడు మేము కురిచేడుకు దగ్గర్లోని ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా నాయన, పెదనాయన ఉమ్మడిగా సేద్యం చేసేవారు. పెదనాయన మొదటినుంచీ సేద్యగాడు కాదు. ఎక్కడో దూరాన రైలు షెడ్డులో మేస్త్రీగా పనిచేసి, ఇంజను చక్రం మీదపడి కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకుని ఇంటికొచ్చిన మనిషి. వచ్చాక రెండేళ్లు ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అన్నం కూడా అందరూ లేచాక వచ్చి ఎడమచేత్తో తినేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు గిద్దలూరు నుంచి ఎద్దుల బండిలో ఒక తుప్పు పట్టిన యంత్రాన్ని తెచ్చాడు. నల్లమల అడవిని చూసుకునే తెల్లదొర ఒకాయన సరదా కోసం పెట్టుకున్న చిన్న లేతు అది. కుట్టుమిషనులా కాలితో తొక్కితే తిరిగేది. తిరిగే చెక్కకు ఉలి ఆనిస్తే గుండ్రంగా చెక్కుకుపోయేది. దొర తన దేశం వెళ్లిపోయాక అది బంగళా కొట్టంలో వానకు తడుస్తూ పడి ఉందట. కావలి మనిషి పెదనాయనకు తెలిసినవాడు కావడంతో తీసుకుపొమ్మన్నాడట.

"ఈ ఇనుప ముద్దను ఏం చేసుకుంటావయ్యా?" అంది పెద్దమ్మ.

"తిప్పుతా" అన్నాడు పెదనాయన. అంతే.

మరునాటి నుంచి వేపచెట్టు కింద పని మొదలైంది. సన్నని మరలు విప్పడానికి ఆయన వేళ్లు చాలేవి కావు. ఒకసారి మర జారిపడి మట్టిలో కలిసిపోతే, చెయ్యి వైపు చూసుకుంటూ అలాగే కూర్చుండిపోయాడు. నేను వెళ్లి వెతికిచ్చాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లుంటాయి. ఆ రోజు నుంచి ఆయనకు లేని మూడు వేళ్లూ నేనే అయ్యాను. కిరసనాయిలులో నానబెట్టిన ముక్కలను కొబ్బరి పీచుతో, ఇటుక పొడితో తోమేదాన్ని. తోమినకొద్దీ తుప్పు కింద నుంచి ఇనుము తెల్లగా బయటపడుతుంటే, పెదనాయన ముఖంలో కూడా ఏదో బయటపడుతున్నట్టు ఉండేది. పాత పాటలు కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ పెరట్లో పని ఉన్నా లేకపోయినా అటూ ఇటూ తిరిగేది, అది వినడానికే.

ఇక ఒక్క చేతిచక్రం మిగిలింది. అరచేతి మందాన ఉన్న పోత ఇనుప చక్రం. బిగుసుకుపోయి కదలలేదు. రోజూ కొంచెం ఆముదం పోస్తూ, "దాని జోలికి పోవద్దమ్మీ. అదే వదులుతాది" అని చెప్పాడు పెదనాయన. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఆయన చేనికి పోయినప్పుడు, తిరిగొచ్చేసరికి తిప్పి చూపించాలని సుత్తి తీసుకుని ఒక్క దెబ్బ వేశాను. చక్రం రెండు ముక్కలై నా కాళ్ల దగ్గర పడింది.

ముక్కలు తీసుకెళ్లి ఊక బస్తాలో పెట్టేశాను. పెదనాయన వచ్చి చూశాడు. యంత్రం చుట్టూ వెతికాడు. ఎవరినీ ఏమీ అడగలేదు, పాట మాత్రం ఆగిపోయింది. మర్నాడు పొద్దున కూడా ఆయన చెట్టు కిందకు రాలేదు. మళ్లీ అరుగు మీద, మునుపటిలాగే, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి, తింటున్న సంగటి వదిలేసి లేచాను. ముక్కలు తీసి పావడాలో పెట్టుకుని వెళ్లి ఆయన ముందు పెట్టాను.

"నేనే కొట్టినా పెదనాయనా" అన్నాను. చెంప మీద దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపటికీ పడలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన ముక్కల మీది ఊక ఊదుతున్నాడు.

"ఇట్ల కూర్చో. కాలి మీద పడిందా ఏంది? దెబ్బ తగల్లేదు కదా?"

లేదన్నట్టు తలూపాను. ఆయన విరిగిన అంచు నాకు చూపించాడు. సగం తళతళలాడుతోంది. మిగతా సగం నల్లగా తుప్పు పట్టి ఉంది.

"ఈ తెల్లటిది నువ్వు పగలగొట్టింది. ఈ నల్లటిది ఎప్పటిదో. ఎవడో కింద పడేసి, చెప్పకుండా పైన రంగు పూసినాడు. అప్పుడే చెప్పుంటే అప్పుడే బాగుపడేది."

తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు.

"నా చేతి మీద చక్రం పడిన రోజు గూడా ఇట్లనే. దాన్ని ఎత్తే కొక్కెం విరిగింది. చూస్తే సగం పాత పగులు. నా కింద పనిచేసే పిల్లోడు ముందురోజే చూసినాడంట. నాకు చెప్పేదానికి భయపడి గ్రీజు పూసినాడు. నా నోరు అట్లాంటిది అప్పుడు. వాడు గాదు అమ్మీ, నా నోరే నా వేళ్లు తీసింది."

గుమ్మంలో అలికిడైంది. పెద్దమ్మ ఎప్పుడొచ్చిందో, చేటతో అక్కడే నిలబడి ఉంది. ఇన్నాళ్లూ ఆమె ఆ రైలు షెడ్డుకు రోజూ శాపనార్థాలు పెట్టేది.

"రెండేండ్లు నాతో గూడా చెప్పకపోతివే" అంది.

"చెప్తే నువ్వేమంటావో అని" అన్నాడు పెదనాయన, తల దించుకుని.

పెద్దమ్మ చేట పక్కన పెట్టి వచ్చి, మా ఇద్దరి పక్కన కూర్చుంది. అంత పెద్ద మనిషి కూడా భయపడతాడని నాకు ఆ పూట తెలిసింది.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం కమ్మరి మామ దగ్గరికి వెళ్లాం. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించినట్టే, మామ ఒక ఇనుప కట్టును ఎర్రగా కాల్చి, ముక్కలు రెండూ కలిపి పట్టుకుని వాటి చుట్టూ దిగేసి నీళ్లు పోశాడు. చుయ్యిమంటూ పొగ లేచింది. కట్టు చల్లారి బిగుసుకుని ముక్కలు రెండూ అతుక్కున్నాయి. నాలుగు రోజుల తర్వాత లేతు తిరిగింది. పెదనాయన రెండు వేళ్లతో ఉలి పట్టుకుని, నేను కింద తొక్కుతుంటే, పెద్దమ్మకు కవ్వం చెక్కాడు. కొంచెం వంకరగా వచ్చింది. ఆమె దానితోనే చాలా ఏళ్లు మజ్జిగ చిలికింది.

నాకు పిల్లలు పుట్టారు, వాళ్లకూ పిల్లలు. ఇంట్లో ఏదో పగిలిన చప్పుడు వినగానే, దాచుకోవడమెందుకు, ఇప్పటికీ నా నోరే ముందు లేస్తుంది. ఒక్కోసారి అరిచేస్తాను కూడా. చాలాసార్లు మాత్రం ఆ అరుపును పళ్ల మధ్యే ఆపుకుని, "దెబ్బ తగిలిందా? ఇట్ల రా, ఇక్కడ కూర్చో" అంటాను. వాళ్లు వచ్చి కూర్చుంటారు. ఏం జరిగిందో వాళ్లే చెప్తారు.