కాలవగట్టు మీద నాలుగు రాటలు

మనుషుల్ని నమ్మకపోవడం నాకు మా నాన్న దగ్గర్నుంచి అబ్బింది. బర్మాలో ఉన్నప్పుడు ఆయన, పది రోజుల్లో వచ్చేస్తాం కదా అని ఇంటి తాళంచెవి పక్కింటివాళ్ల చేతిలో పెట్టి మమ్మల్ని ఓడెక్కించాడు. ఆ ఇల్లు మళ్లీ చూడలేదు. తాళంచెవి పుచ్చుకున్నవాళ్లే అందులో కాపురం పెట్టారని తర్వాత ఎవరో చెప్పారు. పోయేదాకా ఆయన వాళ్లని తిట్టుకుంటూనే ఉన్నాడు, నేను పక్కన కూర్చుని వినేదాన్ని.

రామచంద్రపురం దాటాక కాలవగట్టు మీద పోరంబోకు స్థలంలో మా బర్మావాళ్ల గుడిసెలు ఓ నలభై ఉండేవి. సరుగుడు రాటలు పాతి, నేలకి మూరెడెత్తున వెదురు తడక పరుచుకుని దానిమీద ఉండేవాళ్లం. అది అక్కణ్ణుంచి తెచ్చుకున్న అలవాటు. మంచెల మీద కాపురాలని ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. మేం ఎండురొయ్యల ముద్ద వేయిస్తే ముక్కు మూసుకునేవాళ్లు. వచ్చి పన్నెండేళ్లయినా మేం వాళ్లకి బర్మావాళ్లమే.

ఆ ఏడు కార్తీకమాసంలో తుఫానొచ్చి గుడిసెలన్నిటినీ ఊడ్చుకుపోయింది. మమ్మల్ని ఊళ్లో చర్చి బడిలో పెట్టారు. అన్నం పెట్టారు, దుప్పట్లిచ్చారు, కాదనను. కానీ ఎవరి చెంబు కనపడకపోయినా ముందు మా మూటల వైపే చూసేవాళ్లు. నేను మాత్రం తక్కువదాన్నా? ఊరికే ఇంత మంచి దుప్పటి ఎందుకిస్తారు, వెనక ఏ మెలిక ఉందో అని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసేదాన్ని.

ఐదో రోజున కబురొచ్చింది. కరణంగారు గట్టు మీదకొస్తారట. ఎవరి జాగాలో రాటలు నిలబడి ఉంటే వాళ్ల పేరు రాసుకుంటారట, ఆ పేర్లకే పట్టాలట. ఖాళీగా ఉంటే ఆ జాగా పోయినట్టే. పట్టా అంటే మాటలా? ఇక ఎవరూ లేచిపొమ్మనలేని చోటు. అది విన్నప్పట్నుంచీ నాకు కునుకు లేదు. చూస్తే మా ఆయనకి ఒళ్లు కాలిపోయే జ్వరం, నాలుగేళ్ల పిల్ల చంక దిగదు.

మా పక్క గుడిసె పిన్ని మాత్రం కబురు చెవినపడ్డ గంటలో మూట కట్టేసింది. చుట్టం కాదు, వరసకి అలా పిలిచేదాన్ని. నా అన్నవాళ్లు లేని మనిషి, యాభై దాటినా ఇంకా బర్మా గళ్ల లుంగీయే కట్టేది. "నువ్వు మీ ఆయన్ని చూసుకోవే, నేను వెళ్తున్నా" అని వెళ్లిపోయింది. అంత తొందరేంటో అని నాకప్పుడే అనుమానం తగిలింది.

మర్నాడు పిల్లని ఎత్తుకుని గట్టు మీదకెళ్లాను. అందరూ తాటాకుల కోసం పోయినట్టున్నారు, మనిషి అలికిడి లేదు. పిన్ని జాగాలో రాటలు లేచాయి. పక్కన మా జాగాలోనూ నాలుగు రాటలు. వాటికి అడ్డకర్రలు కట్టింది దేంతో? ఆవిడ గళ్ల లుంగీ చింపిన పీలికలతో. అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడా పిల్లలా, ఈవిడకి రెండు జాగాలెందుకు? కాసేపు ఆగి ఆవిణ్ణే అడిగుంటే సరిపోయేది. ఆగితే నేనెందుకవుతాను? పిల్లని కింద దింపి ఒక్కో రాటా ఊపి ఊపి పీకాను. తడినేల, సులువుగానే వచ్చాయి. నాలుగూ కాలవలో పడేశాను.

బడికొచ్చి మా ఆయనతో, "పిన్ని మన జాగా కాజేయబోయింది, పీకి పారేశాను" అన్నాను. ఆయన జ్వరంలోనే ఊఁ అన్నాడు. పొద్దున్నే కర్రలు తెచ్చి నేనే పాతుకుందామనుకున్నాను.

మర్నాడు కర్రలు సంపాదించి, నెత్తిన పెట్టుకుని వెళ్లేసరికి కరణంగారు మా వరస దాటేస్తున్నారు. పిన్ని ఆయన వెంటపడుతోంది.

"ఇక్కడ నాలుగు రాటలుండాలండి. ఆ పిల్ల మొగుడికి జ్వరమండి, రాలేకపోయింది. నా కర్రల్లో సగం దానికి పెట్టి నేనే పాతానండి."

"నాకు కనపడిందే రాస్తానమ్మా. ఏవీ రాటలు?"

"ఎవరో పీకేశారండి."

పిన్ని నన్ను చూసి, "చూశావటే, నీ కడుపు కొట్టారు" అని ఏడ్చింది. మా జాగాకి అటుపక్క ఎండుచేపలమ్ముకునే మొగుడూ పెళ్లాం ఉండేవాళ్లు, వాళ్లూ బర్మావాళ్లే. పిన్ని చూపు వాళ్ల మీద పడింది. జాగా కలుపుకుందామని వాళ్లే పీకారంది. ఆ చేపలాయన పిల్లల మీద ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

పిన్ని కళ్లు తుడుచుకుని, "అయితే నా జాగాలోనే వీళ్లనీ రాయండి. ఇది నా కూతురు" అంది. కరణంగారు మా ఇద్దరి మొహాలూ ఎగాదిగా చూసి, రాసేశారు.

ఆ ఒక్క జాగాలోనే రెండు కాపురాలూ తొమ్మిదేళ్లు సాగాయి. మా జాగాలో ఊళ్లోవాళ్లెవరో పశువుల పాక వేశారు. జ్వరం తగ్గాక మా ఆయనకి నేను చెప్పింది గుర్తులేదు. గుర్తులేనట్టు ఉన్నాడేమోనని నాకిప్పటికీ అనుమానమే. నా పిల్లని పిన్నే పెంచింది. చేపలవాళ్ల గుమ్మం మాత్రం తొక్కనిచ్చేది కాదు. "వాళ్లతో జాగ్రత్త, మీ రాటలు పీకిన చేతులవి" అని దానికి గోరుముద్దలతోపాటు నూరిపోసింది. వరసలో ఏ కోడి కనపడకపోయినా అందరూ ముందు చేపలవాళ్ల ఇంటివైపే చూసేవాళ్లు.

చెప్పేద్దామని ఎన్నిసార్లో నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే కూతురన్న మాట వెనక్కి తీసుకుంటుందేమో, పొమ్మంటుందేమో. అంత చేసిన మనిషిని అప్పటికీ నేను నమ్మలేదన్నమాట. సిగ్గుగా ఉంది రాయడానికి.

పిన్ని పోయిన రోజు వరసంతా మా ఇంట్లోనే ఉంది. చేపలాయనా ఆయన భార్యా వచ్చి బయటే నిలబడ్డారు. "ఒక్కసారి చూసి వెళ్తామమ్మా" అంది ఆవిడ, నాతో. నేను ఇంకా ఏమీ అనకముందే నా కూతురు లేచి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పదమూడేళ్లది. "మా రాటలు పీకినవాళ్లు మా ఇంట్లోకి రావద్దు" అంది.

నేను పిన్ని తల దగ్గర కూర్చునే ఉన్నాను. వాళ్లు కాసేపు నా మొహం వంక చూసి వెళ్లిపోయారు.