ఎడంచేతి వాటం

ఆసుపత్రిలో ఆమెను అందరూ గుండె మెకానిక్కు అంటారు. స్కూటర్లు బాగుచేసే తమ్ముడు ఉడికించడానికి పెట్టిన పేరది. ఇంట్లోంచి వార్డుదాకా పాకింది. ఆమె ఉడుక్కోలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది. గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే పేస్‌మేకర్‌ను, కోత పెట్టకుండా పైనుంచే పరీక్షించడం ఆమె పని. ఛాతీ మీద చిన్న బిళ్ల ఆనిస్తే చాలు, లోపలి సంగతులన్నీ తెర మీద గీతలై నడుస్తాయి.

పడుకోబెట్టి చూసి పంపేయడం ఆమెకు గిట్టదు. మంచం దిగి, రోజూ చేసే పని చేసి చూపించమంటుంది. బట్టలుతికేవాళ్లు ఉత్త చేతులతో పిండాలి, టీచర్లు గాల్లో అక్షరాలు రాయాలి. “ఇది టెస్టా, నాటకాల రిహార్సలా?” అని నర్సులు ఆటపట్టిస్తారు. ఎవరేమన్నా వింటేగా.

ఒకరోజు పేస్‌మేకర్ పెట్టించుకున్న ఒక ముసలి వడ్రంగిని కొడుకు వెంటబెట్టుకొచ్చాడు. పెద్దాయన పనిలో ఉండగా కళ్లు తిరిగి పడిపోతున్నాడు. అంతకుముందు వేరేచోట పరీక్షిస్తే లోపమేమీ కనబడలేదు. ఇక వయసైపోయిందని ఇంట్లోవాళ్లు తేల్చేసి, ఆయన్ని పని మాన్పించారు. ఆయన ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

పడుకోబెట్టి చూస్తే గీతలు బుద్ధిగానే నడిచాయి.

“చూశారా మేడమ్, మిషను బాగానే ఉంది. ఈయనే మాట వినడు” అన్నాడు కొడుకు.

“లేవండి బాబాయ్. రంపంతో కోస్తున్నట్టు చెయ్యండి.”

ఆయన కుడిచెయ్యి ఆడించాడు. గీతలు చెదరలేదు. కానీ ఆ ఆడించడంలో వడుపు లేదని ఆమెకు అనిపించింది.

“రోజూ కోసేది ఈ చేత్తోనేనా?”

“కాదమ్మా, నాది ఎడంచేతి వాటం. మిషను ఉన్న వైపు కదా, ఇక్కడ కదపకూడదేమోనని...”

ఆమె వెంటనే డాక్టర్ని పిలిచింది. పెద్దాయన వెనక కుర్చీ వేయించి, కొడుకును పట్టుకోమంది. ఎడమచెయ్యి అలా ముందుకీ వెనక్కీ ఆడిందో లేదో గీతలు పిచ్చిగా గిలగిల కొట్టుకున్నాయి. ఆ అలజడిని గుండె తనంతట తానే కొట్టుకుంటున్న చప్పుడనుకుని పేస్‌మేకర్ తన పని ఆపేసింది. పెద్దాయన తూలాడు. “ఆపండి” అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. గీతలు మళ్లీ దారిలో పడ్డాయి.

“మిషను నుంచి గుండెకు వెళ్లే తీగ దెబ్బతింది. మార్చేద్దాం” అన్నాడు డాక్టరు. “భలే పట్టావమ్మా.”

ఆమెకు ఒళ్లంతా గర్వం పొంగింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. “నా గదిలోంచి దొంగ తప్పించుకుపోతాడా సార్?” అంది.

పెద్దాయన మాత్రం కొడుకువైపే చూస్తున్నాడు. ఇంకా ఆయాసం తీరలేదు.

“ముసలితనం కాదురా” అన్నాడు. “తీగ.”