చెడిపోయిన ప్లేటులో నవ్విన మనిషి

తెనాలి ఇళ్లలో దేవుడి పటాలకున్న అద్దాలు సగానికి సగం నేను తోమినవే. నిజమండి. అరవైల మాట. అప్పుడు ఫోటో గాజుపలక మీద పడేది, ప్లేటు అనేవాళ్లం. ఫోటోలు ఇచ్చేశాక అక్కర్లేని ప్లేట్లని వేణ్ణీళ్లలో చాకలిసోడా వేసి నానబెట్టి, కొబ్బరిపీచుతో రుద్దితే పైనున్న పొర మీగడలా ఊడొచ్చేది. అడుగున తేటగా అద్దం. పటాలు కట్టేవాళ్లు పట్టుకుపోయేవాళ్లు. పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్లు, మీసాల మామగార్లు, అందరూ నా చేతుల మీదుగానే తూములోకి పోయారు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే రాస్తున్నది నా నేస్తం కూతురు. వాళ్లమ్మ సంగతే గనక మధ్యమధ్య కలం ఆపుతోంది. ఆపితే ఆపనీ, నేను ఆపను.

నా మొగుడు పోయేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. కాలవగట్టు పక్కన ఫోటో స్టూడియోలో నీళ్లు మొయ్యడానికి చేరాను. ఫోటోలు కడగాలంటే బిందెలకి బిందెలు కావాలి. అక్కడ అప్పటికే ఒకతె ఉంది, రేపల్లె మనిషి. మొగుడు వదిలేసి ఎటో పోతే, పిల్లని అత్త దగ్గరుంచి తెనాలి వచ్చింది. మొదటిరోజే నా బోసి చేతులు చూసి, "ఏంటే, నీ మొగుడు చచ్చి వదిలాడా? నావాడు బతికుండి వదిలాడు. నీదే నయం, ఎదురుచూపు లేదు" అంది. ఏడవాల్సినదాన్ని పకపకా నవ్వాను. అంతే, నేస్తాలమైపోయాం.

మా ఇద్దరి అసలు పని తెర పట్టుకోవడం. పెళ్లివారి వాకిట్లో కుర్చీలేసి ఫోటో తీస్తే వెనకాల గొడ్లపాక కనపడుతుంది కదా. అది కనపడకుండా, తోటా మెట్లూ బొమ్మవేసిన గుడ్డతెర అడ్డం పట్టాలి. వెదురుగడకి చుట్టుకుని రైలెక్కేవాళ్లం. సంగం జాగర్లమూడి, కొలకలూరు, బాపట్ల, ఎటు పిలిస్తే అటు. అటు కొసన అది, ఇటు కొసన నేను. నేను ముండమోపిని, పెళ్లింట ఎదురు రాకూడదు. అందుకని గడ వెనక్కి నక్కి పట్టుకునేదాన్ని. అది గడ పక్కనే నిలబడేది. ప్లేటు మీద దాని చెయ్యో, చెవో, జడకొసో పడేది. కాయితం మీద వేశాక స్టూడియో బాబుగారు అంచులు కత్తిరించేసేవారు. "నా మొహమంటే ఆ కత్తెరకి ఎంత ఇష్టమో చూడు" అనేది.

ఒక వానాకాలం దానికి జ్వరం తగిలింది. మూడోరోజుకి మనిషి లేదు. బాబుగారు కెమెరాతో ఎక్కడో పెళ్లిలో ఉన్నారు. పోయినవాళ్లని కూర్చోబెట్టి ఫోటో తీసి, కళ్లు తెరిచినట్టు పెన్సిలుతో దిద్దడం ఆయనకి వచ్చు. దానికి అదీ దక్కలేదు. ఫోటోల కొట్లో ఆరేళ్లకి పైగా చాకిరీ చేసిన మనిషికి ఒక్క ఫోటో లేదు.

మూడో నెల రేపల్లె వెళ్లాను. దాని అత్తారింటి గోడకి మామగారి పటం, ఆయన తమ్ముడి పటం, చిన్నప్పుడే పోయిన ఆడపడుచు పటం కూడా ఉన్నాయి. పిల్లకి ఎనిమిదేళ్లు. నా పక్కన చేరి, "పిన్నీ, మా అమ్మకి పుట్టుమచ్చ ఈ బుగ్గ మీదా, ఈ బుగ్గ మీదా?" అని రెండు బుగ్గలూ తడిమి చూపించింది.

నాకూ గుర్తు రాలేదండి! ఆరేళ్లు పక్కపక్కన బతికి, మూడు నెలలకే బుగ్గ మర్చిపోయాను.

దాని అత్త, ఆ ముసలమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ మమ్మల్నే చూస్తోంది. "పెద్దమ్మా, సంవత్సరీకానికి దానికో చీర పెట్టాలి కదా" అన్నాను.

"ఎవరికి పెట్టమంటావు? గోడకా?" అంది. "మొగుణ్ణి నిలబెట్టుకోలేదు. కనీసం ఒక పటంలోనైనా నిలబడలేదు. ఏ మొహం చూసి పెట్టను?"

"నేను నిలబెడతాను. ఏడాది తిరిగేలోపు తెస్తాను. ఇదే గోడకి మేకు నేనే కొడతాను."

"ఎక్కణ్ణించి తెస్తావే, స్వర్గం నించా?"

లేచొచ్చి రైలెక్కాను. రోషంతో అన్నానే గానీ, ఎక్కణ్ణించి తేను?

ఆ రోజు నించి పనయ్యాక ప్లేట్ల పెట్టెలు దించి, ఒక్కో ప్లేటూ కిటికీ వెలుతురుకి పెట్టి చూడ్డం మొదలుపెట్టాను. ప్లేటులో అంతా తిరగబడి ఉంటుంది. తెల్లపంచె నల్లగా, నల్లజుట్టు తెల్లగా. నాకు అక్షరాలు చదవడం రాదు గానీ ప్లేటు చదవడం వచ్చు. నెలల తరబడి చదివాను. మోచెయ్యి దొరికింది. సగం చెవి దొరికింది. ఒకదాంట్లో గాలికెగిరిన పైటకొంగు. మొహం మాత్రం లేదు.

ఇక్కడే నేను చేసిన బుద్ధిలేని పని చెప్పాలి. నేను వెతికిందంతా మంచి ప్లేట్లలో. చెడిపోయిన ప్లేట్లు, అంటే ఎవరో కదిలినవీ, కళ్లు మూసుకున్నవీ, వేరే బుట్టల్లో ఏళ్లతరబడి పోగుపడేవి. వాటినెవరూ చూడరు. నేనూ చూడలేదు. పొద్దున్నే అలవాటు చొప్పున వాటిని తొట్టిలో వేసి తోముతున్నాను. సాయంత్రం మంచివాటిలో దాన్ని వెతుకుతున్నాను. బుద్ధుండాలా!

ఒకరోజు ఇలాగే ఒక ప్లేటు కిందిసగం రుద్దేశాను. సోడా తక్కువైందేమోనని పైకెత్తి చూశాను. పైసగంలో ఒక మూల మొహం. పళ్లు నల్లగా, మొహం లేతగా, ఒక బుగ్గ మీద ఇంకా తెల్లటి చుక్క. నోరారా నవ్వుతోంది.

"బాబుగారూ!" అని అరిచిన అరుపుకి రోడ్డు మీద రిక్షా ఆగింది.

ఆయన పరిగెత్తుకొచ్చి చూశారు. "ముందు చన్నీళ్లలో పెట్టమ్మా! పొర జారిపోతోంది. పటిక, పటిక వెయ్యి!" పటిక వేస్తే పొర గట్టిపడుతుంది. నేను ప్లేటు పట్టుకుంటే ఆయనే వేశారు. ప్లేటు ఆరేదాకా ఇద్దరం దానిముందే, పొంగే పాల ముందు కూర్చున్నట్టు కూర్చున్నాం.

అప్పుడు గుర్తొచ్చింది. బాపట్లలో పెళ్లి. సముద్రపు గాలి ఒక్కసారిగా కొట్టి తెర పెళ్లికొడుకు నెత్తిన పడింది. దాన్ని లాగబోయి నా నేస్తం కుర్చీల ముందుకొచ్చేసి, సరిగ్గా కెమెరా కేసి చూసి నవ్వేసింది. "ప్లేటు పాడుచేశావు!" అని ఆ రోజు బాబుగారు తిట్టారు. ఆ పాడైన ప్లేటే ఇది. మెడ దాకా ఉంది. మెడ కింద నా కొబ్బరిపీచు తుడిచేసింది.

"తల ఉంది, మనిషి లేదు. ఎలాగమ్మా?" అన్నారాయన.

"నేనున్నాను కదండీ" అన్నాను.

స్టూడియోలో పట్టుచీర, గిల్టు గొలుసులు, గాజులు ఉండేవి, ఫోటోకి వచ్చినవాళ్లు వేసుకోడానికి. అది ముత్తైదువుగా పోయింది. దానికి గాజులుండాలి. ఆ గాజులు నేను వేసుకుంటానన్నాను.

ఆయన కంగారుపడ్డారు. "ఊరుకుంటారా అమ్మా జనం?"

"మెడ కింద చూసి నన్ను గుర్తుపట్టే మొనగాడెవడండీ ఈ ఊళ్లో?"

చేతులకి గాజులెక్కి ఏడేళ్లయింది. మణికట్టు దగ్గర గలగలమంటుంటే ఒళ్లు ఝల్లుమంది. తెరని మేకులకి కట్టి, నట్టనడుమ కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. అంచున కాదు, నడిమధ్యన. బాబుగారు నల్లగుడ్డలోంచి, "నవ్వకమ్మా, భుజాలు కదుల్తున్నాయి! నీ తల నాకక్కర్లేదు గానీ భుజాలు కావాలి" అన్నారు. ఇంకా నవ్వొచ్చింది.

దాని మొహం పెద్దది చేసి కాయితం మీద వేసి, బ్లేడుతో కోసి, నా ఫోటోలో మెడ మీద అతికించి, అతుకు కుంచెతో దిద్ది, మళ్లీ దాన్ని ఫోటో తీశారు. మొదటిసారి మెడ సాగింది. "ఇది అది కాదండి, కొంగ" అన్నాను. రెండోసారి తల చిన్నదైంది. ఆయన విసుక్కోలేదు. "ఆ రోజు తిట్టాను కదమ్మా దాన్ని" అన్నారు. మూడోసారి మందునీళ్లలో కాయితం మీద మెల్లగా తేలి వచ్చింది. అదే! కుర్చీలో రాణిలా కూర్చుని, మమ్మల్నందర్నీ చూసి నవ్వుతోంది.

సంవత్సరీకం నాడు రేపల్లెలో దిగాను. చంకలో పటం, కొంగున మేకు. దాని అద్దం కూడా నేను తోమిందే. గుడ్డ విప్పగానే పిల్ల వేలు పెట్టి, "ఈ బుగ్గ! పిన్నీ, ఈ బుగ్గే!" అని గెంతింది. ఎడమ బుగ్గ. ఇంక ఎవరం మర్చిపోం.

ముసలమ్మ పటాన్ని వాకిట్లో వెలుతురుకి తీసుకెళ్లింది. చాలాసేపు చూసింది. ఆవిడ చూపు కిందికి దిగి చేతుల దగ్గర ఆగింది.

"ఈ వంకర చిటికెనవేలు నీది కదూ?"

అయిపోయిందనుకున్నాను. తెరగడ మీదపడి ఎప్పుడో వంకరపోయిన వేలది. ముండమోపి గాజులేసుకుని కూర్చున్న పటాన్ని గుమ్మం దాటనిస్తుందా? "నాదే పెద్దమ్మా" అన్నాను. "తల దానిది. ఒళ్లు నాది. నేనే తుడిచేశాను, నేనే ఇచ్చాను."

ఆవిడ ముక్కు చీదింది. "నా కోడలు నవ్వితే ఇంతే, ఊరంతా వినపడేది" అంది. తర్వాత నా వైపు చెయ్యి చాచింది. "నిలబడ్డావేంటే? మేకేదీ?"

నేనే కొట్టాను. మామగారి పక్కన, ఆయనతో సమానంగా. ముసలమ్మ బొట్టు పెట్టి, నీలంరంగు నేతచీర పటం ముందు పెట్టింది. దణ్ణాలయ్యాక ఆ చీర ఇంట్లో ఆడవాళ్లెవరైనా కట్టుకోవాలి. ఆవిడ తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"నాకా? రంగుచీర?"

"మెడ కింద నువ్వేగా. కట్టుకో."

కట్టుకున్నాను. ఆ చీరతోనే రైలెక్కి తెనాలిలో దిగి, కాలవగట్టు వెంబడి నడిచి స్టూడియోకి వెళ్లాను. చూసినవాళ్లు చూశారు, బుగ్గలు నొక్కుకున్నవాళ్లు నొక్కుకున్నారు. మరుసటి పెళ్లిలో తెర పట్టినప్పుడు గడ వెనక నక్కలేదు. పక్కన నిలబడ్డాను, అది నిలబడ్డ చోట. "కత్తిరిస్తే కత్తిరించుకోండి బాబుగారూ, ప్లేటులో మాత్రం ఉంటాను" అన్నాను.