మద్రాసు ఫారం

మా నాయన జువ్వలదిన్నె దగ్గర ఉప్పు కయ్యల్లో పని చేసేవాడు. నీళ్ల చిక్కదనం చూడటానికి అప్పుడప్పుడూ వచ్చే ఆఫీసరొకాయన కెమికల్ ఇంజనీరింగ్ అనే చదువుందని నాకు మొదట చెప్పాడు. సముద్రపు నీళ్లలోంచి ఉప్పొక్కటే కాదు, ఇంకా చాలా తీయవచ్చని ఆయనన్న మాట నన్ను వదల్లేదు.

అరవైల మొదట్లో పి.యు.సి. ఫస్టుక్లాసులో పాసయ్యాను. మా బంధువుల్లో అంత దూరం చదివినవాళ్లు లేరు. ఏ యూనివర్సిటీకి పెట్టుకోవాలో చెప్పగలిగింది మా కెమిస్ట్రీ లెక్చరరు ఒక్కరే. ఆ ఏడాదంతా కాలేజీ వదిలాక నన్ను లాబొరేటరీలో ఉంచుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వని త్రాసు నా చేతికిచ్చేవారు. మా చర్చి పాస్టరుగారి తర్వాత నేనంతగా నమ్మింది ఆయన్నే.

విశాఖపట్నం, మద్రాసు రెండుచోట్లా ఆ చదువుంది. రెండు ఫారాలూ తెప్పించుకుని ఆయన ఇంటికి వెళ్లాను. నా మనసు మద్రాసు మీదే ఉంది. బిట్రగుంటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా దిగొచ్చు. విశాఖ నేనెన్నడూ చూడని దూరం. రాష్ట్రాలు విడిపోయాక మద్రాసులో మనవాళ్లను చేర్చుకోవడం లేదని, అరవం రానివాడికి అక్కడ బతుకు కష్టమని ఆయన చెప్పారు. విశాఖ ఫారం తానే దగ్గరుండి నింపించారు.

"ఇది నా దగ్గర పెట్టిపో అబ్బయ్యా. దీంతో నీకేం పని," అన్నారు రెండోది చూపించి.

పెట్టి వచ్చేశాను.

విశాఖ లిస్టులో నా పేరు రాలేదు. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే సారు ఇంట్లో లేరు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి, తన తమ్ముడికి మద్రాసులో కెమికల్ ఇంజనీరింగు సీటొచ్చిందని, నిన్ననే రైలెక్కించామని సంతోషంగా చెప్పుకొచ్చింది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు.

"నువ్వు తెచ్చిచ్చిన ఫారమే గదా. మావాడు తెప్పించుకునేదానికి టయిం లేకపోయింది. నువ్వు వద్దన్నావని మీ సారు చెప్పినాడు," అంది.

ఆ మజ్జిగ తాగానో లేదో గుర్తు లేదు. అరుగు మీదకొచ్చి కూర్చున్నాను. సారు సైకిలు దిగుతూ నా ముఖం చూసి ఆగిపోయారు. ఎందుకిలా చేశారని అడిగాను.

"నీకు మార్కులుండాయి, యాడైనా వస్తదనుకున్నా," అన్నారు. "మనోళ్లకిచ్చేది ఒకటో రెండో సీట్లు. ఇద్దరూ పెడితే వాడికి రాదు గదా."

"నాకు యాడా రాలేదు సార్," అన్నాను.

మరుసటి ఏడు మళ్లీ పెట్టుకోమన్నారు. ఏడాది ఊరికే కూర్చోబెట్టే ఓపిక మా ఇంట్లో లేదు. అదే కాలేజీలో బి.యస్సీ. చేరాను. మూడేళ్లు ఆయన క్లాసులోనే కూర్చున్నాను. నా జవాబు కాగితం ఆయన అందరికీ చదివి వినిపిస్తుంటే తల దించుకునేవాణ్ణి. అర్థం కాని చోట కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. డిగ్రీ అయ్యాక చక్కెర ఫ్యాక్టరీ లాబొరేటరీలో ఉద్యోగం దొరికింది. రిటైరయ్యేదాకా అక్కడే.

జరిగింది నాయనకు చెప్పలేదు. కొడుకుకి చదువు చెప్పిన దొడ్డమనిషని, ఏటా వేసవిలో సారు ఇంటికి చిన్న మూటలో కొత్త ఉప్పు పంపేవాడు. మోసుకెళ్లింది నేనే. గుమ్మం దగ్గర దించి, లోపలికి రమ్మన్నా వెళ్లకుండా వచ్చేసేవాణ్ణి.