పరవాయిల్లె

మొన్న కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, మా ఆడబిడ్డకు పేగులో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకిందని అరవంలో చెప్పింది. ముందు మందులతో గడ్డలు కుదిస్తారట, ఆపైన కాలేయంలో ఆ ముక్క కోసేస్తారట, మిగిలింది మళ్ళీ పెరుగుతుందట. నేను వినవలసినదంతా వదిలేసి "పరవి ఇరుక్కు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పాకింది అని దానర్థం. మా నైనాకూ ఒక డాక్టరు ఆ మాటే చెప్పాడు.

నైనా కోయంబత్తూరు మిల్లులో, మగ్గాల షెడ్డులో చెవులు పోగొట్టుకున్నాడు. ఆ హోరులో అందరూ పెదవులు చూసే మాట్లాడుకునేవారు. పెళ్ళికి ముందు అమ్మదీ అదే మిల్లు. కాబట్టి మా ఇంట్లో పోట్లాటలు చప్పుడు లేకుండా జరిగేవి, ఎవరు గెలిచారో పిల్లలకు తెలిసేది కాదు. ఆయనదీ పేగు క్యాన్సరే. పేగు కోసి కుట్టాక డాక్టరు "ఈరలుక్కు పరవి ఇరుక్కు" అన్నాడు, కాలేయానికి పాకిందని. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నైనా మాత్రం ఆయనకు దండం పెట్టి, అమ్మవైపు తిరిగాడు.

"ఏడస్తావెందుకే? పరవాయిల్లె అన్నాడు గదా."

పరవాయిల్లె అంటే పరవాలేదని. ఆ పొరబాటు దిద్దాలా వద్దా అని మాకు ఒకటే తికమక. దిద్దితే మనిషి కుంగిపోతాడు. దిద్దకపోతే, నయమైనవాడికి నరంలో ఈ మందెందుకని అడిగితే ఏం చెప్పాలి? ఆ మందుకు అన్నం చూస్తేనే వాంతి చేసుకునేవాడు. అయినా ఎందుకని ఒక్కసారీ అడగలేదు. మందు ముగిసినాక షిఫ్టుకు పోతాననేవాడు. నమ్మాడో, నమ్మినట్టు నటించాడో, మాకు అంతుపట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన పక్క మగ్గం మనిషి చూడవచ్చి, గుమ్మంలోనే నిలబడి పెదవులతో ఏదో అడిగాడు. మంచం మీదనుంచి నైనా కూడా చప్పుడు లేకుండానే బదులిచ్చాడు. వచ్చినాయన తలాడించి, అరటిపండ్లు గట్టుమీద పెట్టి వెళ్ళిపోయాడు. నైనా ఏం చెప్పినాడని అమ్మను వంటింట్లోకి లాగి అడిగాను.

"పరవి... కాదు, పరవాయిల్లె... తెలీలేదే పాపా. రెండింటికీ పెదవులు ఒకే మాదిరి ఆడతాయి."

తర్వాత వెళ్ళి ఆయన పక్కన కూర్చుని ఏడ్చింది. ఈసారి ఆయన ఎందుకని అడగలేదు.

మొన్న బయటికి రాగానే మా ఆడబిడ్డ, డాక్టరమ్మ ఏం చెప్పింది వదినా అంది. పరవాయిల్లె అన్నాను. ఇన్నేళ్ళలో మందులు ఎంతో మారాయి. ఆ రెండు మాటలూ మాత్రం నా నోట ఇంకా ఒకే మాదిరి ఆడుతున్నాయి.