మడుగు నీళ్లు తాగనియ్యని మా బావగారు

మా బావగారు పోయారని పోయిన వారం ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు కబురొచ్చింది. తెచ్చిన మనిషి గడప దగ్గరే నిలబడి “డాక్టరప్ప పోయినాడమ్మా” అని తల వంచుకున్నాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. కనిపించిన ప్రతి పశువు దవడ పట్టుకు చూసే మనిషి, తన గుండెనొప్పి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదట.

ఆయన మా ఆయనకు అన్న, పశువుల డాక్టరు. అత్తమామలు ముందే పోవడంతో మా పెళ్లికి పెద్దగా నిలబడింది ఆయనే. కాబట్టి మా నాయనకు ఆయనే వియ్యంకుడి లెక్క. ఎవరింటికి పోయినా ఇచ్చిన నీళ్లు దోసిట్లో పోసుకుని ముందు చూసేవారు, తర్వాత తాగేవారు. “ఊరు మారితే నీళ్లు మారతాయి, నీళ్లు మారితే బతుకే మారతాదమ్మా” అనేవారు. మారేది కడుపేలే బావా అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆంధ్రరాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో, జమ్మలమడుగు దగ్గర మా పుట్టింట్లో గొర్రెలు చావడం మొదలైంది. దవడ కింద నీటితిత్తి దిగేది, నాలుగడుగులు వేసి కూలబడేవి. మా నాయనకు చేను అంతంతమాత్రం. మంద పోతే ఇల్లు గడవదు. బావగారు చచ్చిన గొర్రెను కోయించి, కార్జంలో జలగల్లాంటి పురుగులు చూపించారు. ఆ పురుగు పిల్లదశలో నత్తలో పెరిగి, మడుగు గట్టున గడ్డికి అంటుకుంటుందట. ఆ గడ్డి మేసిన గొర్రెకు రోగం. నత్తలను చంపడానికి మడుగులో మైలుతుత్తం చల్లమన్నారు. పులివెందుల గుట్టల్లోని వాననీటి గుంటలో అదే చల్లిస్తే నత్తలన్నీ చచ్చి తేలాయి మరి.

మా మడుగులో చావలేదు. కొన్నాళ్లకే గట్టురాళ్ల కింద మళ్లీ గుడ్లు కనిపించాయి.

అప్పట్లో ఆయన పులివెందులలో మా ఇంట్లోనే ఉండేవారు, కన్ను నా ఊరగాయ సీసాల మీద పడింది. ఒకదాంట్లో వాననీళ్లు, ఇంకోదాంట్లో మా మడుగు నీళ్లు పోసి నత్తలు వేసి వంటింటి గూట్లో పెట్టారు. నేను గిన్నెలు ఎత్తేస్తూ, దించేస్తూ నా కోపం వినిపించాను. ఆయన వినిపించుకుంటేగా. వాననీటి నత్తల గుల్లలు పలచబడి తెల్లగా గుంటలు పడ్డాయి, గుడ్లు పెట్టడం దాదాపు మానేశాయి. మడుగు నీళ్ల సీసాకు మాత్రం లోపలంతా జిగురుముద్దల్లో గుడ్లే. చివరికి రెండింట్లోనూ చిటికెడు మైలుతుత్తం వేశారు. వాననీటివి చచ్చాయి. మడుగు నీళ్లలో ఆ మందు మడ్డిగా విరిగి అడుక్కు దిగింది, నత్తలు పైన పాకుతూనే ఉన్నాయి. “మీది బండల నేలమ్మా, నీళ్ల నిండా సున్నమే. నత్తకు గుల్ల కట్టేది అదే, నా మందును మింగేది అదే” అన్నారు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

అంతలో మా నాయన మైలుతుత్తం రెండో బస్తా తెప్పించాడని తెలిసింది. బావగారు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. మేము పోయేసరికి మిట్టమధ్యాహ్నం. మడుగు గట్టున బస్తా మూతి విప్పి ఉంది. మంద దప్పికతో నీళ్ల వైపు తోసుకొస్తుంటే జీతగాడు కట్టె అడ్డం పెట్టి ఆపుతున్నాడు.

“పోయొద్దు మామా. పోసినదంతా అడుగునే ఉంటాది. గొర్రెలు దిగి బురద తొక్కితే పైకొస్తాది. గొర్రెకు అది విషం” అన్నారు బావగారు. మంద బావి నీళ్లే తాగాలని, గట్టుకు ముళ్లకంప అడ్డం వేయాలని చెప్పారు. మందకంతా చేదతో తోడాలంటే ఎండాకాలమంతా నడుము విరగాల్సిందే. మా నాయన మొహం ఎర్రబడింది.

“పులివెందులోళ్ల నత్తలు చచ్చె. మావి యాల చావవు? మంచి మందు వాళ్లకిచ్చి, మాకు నాసిరకం అంటగట్నావా అప్పా?”

అల్లుడి అన్నను అనే మాట కాదది. ఇక ఈ రెండిళ్ల మధ్య రాకపోకలు ఉండవనుకున్నాను. బావగారు చొక్కా చేతులు మడిచి, బావిలోకి చేద వదిలి, తోడి తొట్టిలో పోయడం మొదలుపెట్టారు.

వియ్యంకుడు ఇంటికొస్తే కాళ్లకు నీళ్లు మనమివ్వాలి. ఆయన చెంబు ముంచితేనే మనకు తప్పు. అలాంటిది చేలల్లోని వాళ్లంతా చూస్తుండగా మా గొర్రెలకు నీళ్లు తోడుతున్నారు. కొబ్బరితాడుకు అలవాటు లేని అరచేతులు, తొందరగానే తోలు లేచిపోయాయి. మా నాయన పరుగున వచ్చాడు.

“తాడు ఇడుసప్పా. ఊరోళ్లు నా మొగాన ఊంచుతారు.”

“బస్తా మూతి కట్టు మామా. ఇడుస్తా.”

మళ్లీ చేద దిగింది. మా నాయన కదల్లేదు. జీతగాడి కట్టె తప్పించుకుని ఒక గొర్రె మడుగు వైపు ఉరికింది. బావగారు తాడు వదల్లేదు, కళ్లు మాత్రం దాని మీదే ఉన్నాయి. మా నాయన దాని వెంటపడి, కాలు దొరకబుచ్చుకుని, తొట్టి దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. అది తొట్టిలో మూతి పెట్టాక, వెనక్కి పోయి బస్తా మూతి కట్టేశాడు.

దవడ వాచినవి ఆ నెలలోనే పోయాయి. మిగతా మంద నిలిచింది. మా పుట్టిల్లు ఈ రోజుకీ ఉందంటే ఆయన చలవే. బతికుండగా ఆ మాట ఆయనతో అనలేకపోయాను. అంటే నవ్వి నా సీసాల సంగతి ఎత్తేవారు.

నీళ్లు తోడిన ఆ రోజు కంచాల ముందు కూర్చున్నప్పుడు ఆయన వేళ్లు ముడుచుకోలేదు. కారం తగిలితే చెయ్యి భగ్గుమనేది. మా నాయన జన్మలో ఎవరికీ తప్పయిందని చెప్పినవాడు కాదు. సంకటి ముద్ద తుంచి, పప్పులో అద్ది, “నోరు తెరువప్పా” అన్నాడు. బావగారు తెరిచారు. బయట తొట్టి చుట్టూ గొర్రెలు ఇంకా తాగుతూనే ఉన్నాయి.